దీపం ఎవరి ఊపిరితో ఆరాలి

జూన్ 4

లాయరు మరిదికి,

వదిన రాస్తున్నది. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకోకు. ముందు ఫోన్లోనే పంపబోయాను. నాటకాల హాల్లో దీపాల కోసం మీ అన్నయ్య కంప్యూటర్లో రాసిన రెండు వరసలు టైపు చేసేసరికి బ్రాకెట్లలో సగం నవ్వుముఖాలైపోయాయి. ఒకటి నాకు కన్ను కూడా గీటింది. పోనీ మాట్లాడదామంటే, మనిద్దరం ఫోనెత్తితే ఆయన గురించి తప్ప మాట రాదు, వచ్చిన మాట కూడా ముక్కు చీదుకోవడంతో ఆగిపోతుంది. కాగితమే నయం, బ్రాకెట్టు బ్రాకెట్టులాగే చేరుతుంది.

సంగతేమిటంటే, ఆదివారం మధ్యాహ్నం ఆటలో రాజు వేషం ఆయన మెట్లెక్కుతున్నాడు. ఆయన పై మెట్టు చేరేసరికి దీపం మెల్లగా ఆరాలి. ఇన్నేళ్ళూ ఆ పని మీ అన్నయ్య రాసిన 'మెల్లగా-ఆర్పు' నిక్షేపంగా చేసింది. ఆదివారం మాత్రం టక్కున ఆరిపోయింది. చీకట్లో ధబ్బుమని చప్పుడు. కిరీటం దొర్లుకుంటూ వెళ్ళి ముందు వరసలో ఎవరి కాళ్ళ దగ్గరో ఆగింది. జనం అదీ నాటకంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. పాపం ఆయనకు చీలమండ బెణికింది. ఇప్పుడు కాలికి కట్టుతో, మెట్ల జోలికి పోకుండా, కింద కుర్చీలో కూర్చునే రాజ్యం ఏలుతున్నాడు.

ఆట అయ్యాక హాలు యజమాని నా దీపాల గదికి వచ్చాడు. నీకు గుర్తుందిగా, హాలు వెనక గోడకు చూరుకింద అతికించినట్టుండే గది, ముందొక అద్దం కిటికీ, రెండు కుర్చీలు, మోకాళ్ళు పెట్టుకోవడానికి చోటు లేని బల్ల. ఆయన రెండో కుర్చీలో కూర్చోబోయి, ఎవరిదో గుర్తొచ్చి నిలబడే మాట్లాడాడు. "మీ ఆయన మీద గౌరవం కొద్దీ ఇన్నాళ్ళూ నేనేం అనలేదమ్మా. ఆయన పోయాక దాన్ని చూసేవాళ్ళు లేరు. జూలై పన్నెండున కొత్త నాటకం మొదలు. ఈలోగా ఇది సరైతే సరి. లేకపోతే బజార్లో దొరికే, దీపాలను దానంతటదే నడిపే పెట్టె కొనిస్తాను. మీకు టికెట్ల కిటికీ దగ్గర పని ఇస్తాను."

నా పని పోదు. అదీ బాధ కాదు. పెట్టె వచ్చిందంటే ఈ దీపాల కోసమని ఆయన సొంతంగా రాసిన కంప్యూటరు భాష మొత్తం తీసి పక్కన పడేస్తారు. ఆయన బట్టలు ఇచ్చేశాం, కళ్ళజోడు సొరుగులో ఉంది. ఆయన రాసిన మాట ఇంకా పనిచేస్తున్న చోటు ఈ లోకంలో ఇదొక్కటే. అది పోతే నేనేం చూసుకుని పైకెక్కాలి?

ఆయన ఫైలు 'పెద్దోడు'లో ఉన్నది ఇది:

(మాక్రో మెల్లగా-ఆర్పు (దీపం)
  (మసక దీపం ఊపిరి))

నా ఫైలు 'కిటికీ'లో ఈమధ్య నేను చేర్చింది ఒక్కటే. పొగమంచు దృశ్యం కోసం దీపాన్ని ఒక్కసారిగా తీసేసే చిన్న పని. దానికి 'మసక' అని పేరు పెట్టుకున్నాను. అదేనా కొంప ముంచింది?

వేళకు తింటున్నావా? తింటున్నానని రాస్తావని తెలుసు, అయినా అడుగుతున్నాను.

వదిన

జూన్ 10

వదినకు నమస్కారాలు.

తింటున్నాను. మా మెస్సులో సాంబారుకూ రసానికీ తేడా గిన్నె రంగును బట్టి తెలుసుకోవాలి. గది మాత్రం బాగుంది. కింద లాండ్రీ ఉండటంతో నేల ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. పగలంతా కంపెనీలో లిఫ్టులకు ప్రోగ్రాం రాస్తాను, సాయంత్రం ఇంటికొచ్చి లిఫ్టు లేని మూడంతస్తులు ఎక్కుతాను. పలకరించేవాళ్ళు లేరు. మీ ఉత్తరం మెట్ల మీదే నిలబడి చదివాను.

మీరు అనుకున్నదే. మాక్రో అంటే ఇటుకల అచ్చులాంటిది. మీరు 'మెల్లగా-ఆర్పు' అనగానే అచ్చులోని మాటలు వచ్చి మీ ఫైల్లో పడతాయి. పడ్డాక 'మసక అంటే ఏది' అని యంత్రం చుట్టూ చూస్తుంది. చుట్టూ ఉన్నది మీ ఫైలు. అక్కడ మీ మసక కనిపించింది, దాన్నే పట్టుకుంది. అన్నయ్య రాసేటప్పుడు అతని మనసులో ఉన్నది అతని ఫైల్లోని మసక, అది నెమ్మదిగా తగ్గించేది. రెండు ఫైళ్ళలో ఒకే పేరు ఉండటం తప్పు కాదు. ఏది ఎవరిదో చూసే నియమం లేకపోవడమే లోపం.

మా ఇద్దరి వాదమూ దీని మీదే, మీకు గుర్తుండాలి. కంచాల్లో చెయ్యి ఎండిపోయేదాకా వాదించుకునేవాళ్ళం. అచ్చులో రాసిన పేరు అది పుట్టిన ఫైలుకే చెందాలి అనేవాణ్ణి నేను. పిలిచినవాళ్ళ ఫైలుకే చెందాలి అనేవాడు అన్నయ్య. లాయరు అన్న బిరుదు అప్పుడు తగిలించిందే.

ప్రస్తుతానికి మీ ఫైల్లో ఆ పేరు మార్చుకోండి, సరిపోతుంది. నియమం సంగతి తర్వాత చూద్దాం. ఇంకో మాట. యజమాని పెట్టె కొంటానంటే కొననివ్వండి వదినా. ఆ ఇరుకు గదిలోంచి మీరు బయటపడటానికి అదొక దారి.

మీ మరిది

జూన్ 15

మరిదికి,

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే పేరు మార్చుకున్నాను. మర్నాడే 'తగ్గించు' అడ్డం పడింది. అది మార్చాను. తర్వాత 'జత'. ఆయన ఫైల్లో ఎన్ని మాటలున్నాయో అన్నీ గుర్తుపెట్టుకుని, వాటిని తొక్కకుండా తప్పుకుని నడవాలంటే నా వల్ల కాదు. సొంత ఫైల్లో సొంత పేరు పెట్టుకోవడానికి భయపడితే ఇక అది నా ఫైలు ఎట్లా అవుతుంది? రాజుగారి కాలు బెణికింది నా మూలంగానే అని సూటిగా అనకుండా మర్యాదగా చెప్పావు. నాకు అర్థమైంది.

నియమం సంగతి తర్వాత చూద్దాం అన్నావు. తర్వాత అంటే ఎప్పుడు? పన్నెండో తారీఖు దాటాకా?

ఇరుకు గదిలోంచి బయటపడే దారి అని రాశావు. ఆ గది నాకు ఇరుకు అని నేనెప్పుడన్నాను? ఇద్దరు కూర్చున్నప్పుడే ఇరుకు కాలేదు, ఇప్పుడు ఒక్కదాన్ని. పక్క కుర్చీ మీద నా సంచీ పెట్టుకుంటున్నాను, దాన్ని అంత ఖాళీగా చూడలేక. మోచెయ్యి తగలనంత చోటు దొరికి నాకేం ఒరిగింది?

ఆయన పోయి ఏడాది దాటింది, నువ్వు ఒక్కసారి కూడా ఈ గది మెట్లెక్కలేదు. ఎందుకని నేను అడగను.

వదిన

జూన్ 16

వదినకు నమస్కారాలు.

నా ఉత్తరానికి జవాబు రాలేదు. అంటే పెట్టె సంగతి మీకు నచ్చిందనే అనుకుంటున్నాను. మంచిదే.

ఒక్క కోరిక. అన్నయ్య 'పెద్దోడు' ఫైలు మొత్తం కాగితాల మీద ముద్రించి, దారంతో కట్టి బల్ల కింద పెట్టేవాడు. పెట్టె వచ్చే హడావుడిలో ఎవరైనా ఆ కట్టను చిత్తుకాగితాల్లో కలిపేస్తారు. ముందే తీసి నాకు పంపండి, నా దగ్గర భద్రంగా ఉంటుంది.

ఇక్కడ వారంగా ముసురు. కింద లాండ్రీలో బట్టలు ఆరక వాళ్ళు విసుక్కుంటున్నారు. ఆ విసుగు వింటుంటే ఇంట్లో మనుషులున్నట్టే ఉంది.

మీ మరిది

జూన్ 21

మరిదికి,

కట్ట పంపను.

ఇంకా నడుస్తున్నదాన్ని అప్పుడే పంచుకుంటున్నావా? ఆట ఉన్న ప్రతి మధ్యాహ్నం మూడింటికి నేను మీట నొక్కితే ఆయన రాసిన మాట లేచి దీపం వెలిగిస్తోంది. నీకు కావలసింది కాగితాలు. నాకు కావలసింది అది నడవడం. బాగుచెయ్యడం నీకు చేతనైతే చెయ్యి. చెయ్యడం ఇష్టం లేకపోతే ఆ ముక్క రాసెయ్యి, టికెట్లు చించడం నేర్చుకుంటాను.

వదిన

జూన్ 25

వదినకు,

మీ రెండు ఉత్తరాలూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మీ పదిహేనో తారీఖు ఉత్తరం నాకు అందకముందే కట్ట కావాలని నేను రాశాను. దారిలో ఒకదాన్నొకటి దాటుకుని వెళ్ళాయన్నమాట. నేను రాసిందాన్ని మీ గదిలో కూర్చుని, మీరున్న మనసుతో చదివితే ఎట్లా ఉంటుందో ఇప్పుడు అర్థమైంది. నా మీద నాకే కోపం వచ్చింది. మిమ్మల్ని అక్కణ్ణించి కదిలించాలని నాకు లేదు. మధ్యాహ్నమంతా చీకటి గదిలో ఒక్కరే కూర్చుంటున్నారని బెంగ, అంతే. ఇక్కడ నేనూ చేసేది అదే కాబట్టి అదెట్లా ఉంటుందో తెలుసు.

తప్పు మీదని నేననలేదు, అది మీది కాదు కూడా. ఇన్నేళ్ళూ ఈ చిక్కు ఎందుకు రాలేదో ఆలోచించారా? మీరు ఏదైనా కొత్త పేరు పెట్టబోగానే పక్క కుర్చీలోంచి అన్నయ్య ఏమనేవాడు? "అది నాది, ఇంకోటి చూసుకో" అనేవాడు కదా. మీరు మూతి ముడుచుకుని ఇంకోటి చూసుకునేవారు. అదీ వాడి భాషలో ఉన్న నియమం. యంత్రంలో రాయలేదు, కుర్చీలో కూర్చుని నోటితో చెప్పేవాడు. తను ఎప్పుడూ అక్కడే ఉంటానన్నట్టు భాష రాశాడు మా అన్నయ్య. అంత తెలివైనవాడికి ఆ సంగతి ఎందుకు తట్టలేదో.

ఇక మీరు అడగనన్న ప్రశ్న. నియమాన్ని మార్చే రెండు పేజీలు నా దగ్గర ఎప్పటినుంచో రాసి ఉన్నాయి. అన్నయ్య పెట్టనివ్వలేదు. ఇప్పుడు పెడితే కాదనేవాడు లేడు. ఆ కాదనేవాడు లేకపోవడమే నేను తట్టుకోలేకపోతున్నాను. ఆ వాదం గెలవాలని నాకు ఎంత పట్టుదల ఉండేదో మీకు తెలుసు. అవతల కుర్చీ ఖాళీ అయితే వచ్చే గెలుపు నాకెందుకు వదినా? ఆ పేజీలు పెట్టిన రోజుతో మా ఇద్దరి మధ్య మిగిలిన చివరి మాట కూడా అయిపోతుంది. అందుకే రాలేదు. 'తర్వాత చూద్దాం' అన్నదీ అందుకే.

కానీ మీరు రాసింది నిజం. అది నడవాలి. రెండు పేజీలూ ఇందులో పెట్టాను. ఉన్నదున్నట్టు టైపు చెయ్యండి, బ్రాకెట్లు లెక్క చూసుకోండి. ఇకమీదట అచ్చును చదివేటప్పుడే యంత్రం అందులోని ప్రతి పేరుకూ అది పుట్టిన ఫైలు పేరు తగిలిస్తుంది. 'మసక' కాస్తా 'పెద్దోడు/మసక' అవుతుంది. దాన్ని మీరు ఎక్కడికి తీసుకెళ్ళి పిలిచినా అన్నయ్య మసకే వస్తుంది. 'దీపం' అన్నది పిలిచేటప్పుడు మీరు చేతికిచ్చేది కాబట్టి దాని జోలికి పోదు. మీ ఫైల్లో మీరు ఏ పేరైనా పెట్టుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు.

లాయరు

జూలై 1

లాయరుకు,

నీ ఉత్తరం చదివాను. నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకోను, రాయించినవాడివి నువ్వే. కానీ ఇకమీదట ఏ ఉత్తరానికి జవాబో పైన రాసి మొదలుపెడదాం. లేకపోతే మనిద్దరం కాగితాల మీదే ఒకరినొకరం చంపుకునేట్టున్నాం.

నిన్న మధ్యాహ్నం ఆట లేదు. హాలు ఖాళీ. రెండు పేజీలూ టైపు చేశాను. ఒక బ్రాకెట్టు తక్కువైందని యంత్రం మొరాయించింది, వెతుకుతుంటే తల ప్రాణం తోకకొచ్చింది. చివరకు సర్దుకుంది. నా ఫైల్లో 'మసక' అన్న పేరు మళ్ళీ పెట్టుకున్నాను, మొండికేసి. మెట్ల మీది దీపం వెలిగించి 'మెల్లగా-ఆర్పు' అన్నాను.

టక్కున ఆరలేదు. మెల్లగా తగ్గింది. కానీ ఆగలేదు, ఇంకా తగ్గుతూనే ఉంది, ఇంకా. నా లెక్క అయిపోయింది, దీపం సగంలోనే ఉంది. ఏదో పొరపాటు చేశాననుకుని బల్ల మీదికి వంగాను. అప్పుడు తెలిసింది.

నీకు తెలుసో లేదో. వెనకటికి దీపాలను చేత్తో పిడి తిప్పి ఆర్పేటప్పుడు గడియారం చూసేవాళ్ళం కాదు. ఒక నిండు ఊపిరి తీసుకుని, వదులుతూ తిప్పేవాళ్ళం. ఊపిరి అయ్యేసరికి దీపం ఆరాలి. మీ అన్నయ్య ప్రోగ్రాం రాసినప్పుడు కూడా ఆ పద్ధతి మానలేదు. ఆయన ఫైల్లో ఆయనది, నా ఫైల్లో నాది, ఎవరి ఊపిరి వాళ్ళు లెక్కపెట్టుకుని రాసుకున్నాం. ఆయనది తొమ్మిది లెక్కలు. నాది ఐదు. "నీ ఊపిరంతా నన్ను సాధించడానికే ఖర్చైపోతుంది" అనేవాడు.

నువ్వు ప్రతి పేరునూ పుట్టినచోటికి కట్టేశావు కదా. మసకతోపాటు ఊపిరి కూడా అక్కడికే వెళ్ళింది. నిన్న ఆ దీపం మీ అన్నయ్య ఊపిరితో ఆరింది.

చివరి నెలల్లో ఆయన ఎగఊపిరి ఒక్కటే నా చెవుల్లో మిగిలిపోయింది. రెండు మాటలకోసారి ఆగడం, మంచం పట్టె పట్టుకుని లేవడం. అంత పెద్ద ఊపిరి ఉన్న మనిషని నేను మరిచేపోయాను. ఫైల్లో ఆయన ఆ అంకె తగ్గించలేదు. మెట్లెక్కలేనివాడు దాన్ని మార్చడానికి పైకెప్పుడు వచ్చాడు గనక? ఆ తొమ్మిది అట్లాగే ఉండిపోయింది, జబ్బు చెయ్యకముందు మనిషిది. మళ్ళీ వెలిగించి మళ్ళీ ఆర్పాను. ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. నాకు ఏడుపు కూడా రాలేదు, చూస్తూ ఉండాలనిపించింది.

ఇవాళ ఆటలో కూడా అట్లాగే ఉంచాను. రాజుగారి కాలు బాగైంది, పై మెట్టెక్కి చీకటి కోసం చూస్తూ నిలబడ్డాడు. చెప్పాల్సిన మాట లేదు, దీపం ఆరదు. వెనక్కి తిరిగి నా కిటికీ వైపు చూశాడు. ముందు వరసలో ఎవరో దగ్గారు. ఆట అయ్యాక "ఏమమ్మా, పోయినసారి తోసేశావు, ఈసారి నిలబెట్టేశావు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే.

పన్నెండున యజమాని కింద కూర్చుని చూస్తాడు. ఇట్లాగే ఉంటే పెట్టె ఖాయం. అది తెలిసీ నాకు దీన్ని మార్చాలని లేదు. నేనేం చెయ్యాలో చెప్పు.

వదిన

జూలై 6

వదినకు (మీ జూలై ఒకటో తారీఖు ఉత్తరానికి),

మీ ఉత్తరం పట్టుకుని అర్ధగంట లిఫ్టులో ఉన్నాను. పరీక్ష చేస్తున్నానని అందరూ అనుకున్నారు. పైకీ కిందకీ తిరుగుతూ చదివాను.

పొరపాటు నాది. ఇన్నేళ్ళ వాదంలో అన్నయ్య చెప్పింది నేను సగమే విన్నాను. "పిలిచినవాళ్ళ చోటికే చెందాలి" అన్నప్పుడల్లా వాడి మనసులో ఉన్నది ఊపిరి. దీపం ఎవరు ఆర్పుతున్నారో వాళ్ళ ఊపిరితో ఆరాలి. అందుకే ఆ ఒక్క పేరును కావాలని అట్లా వదిలిపెట్టాడు. "పుట్టినచోటికే" అని నేనన్నప్పుడల్లా నా మనసులో ఉన్నది మసక. రెండు పేర్లూ ఒకే వరసలో పక్కపక్కనే ఉన్నాయి. ఇద్దరం ఒకే వరస చూపించి ఒకరితో ఒకరం పోట్లాడాం. ఒకటి కట్టేయాల్సినది, ఒకటి వదిలేయాల్సినది. ఇద్దరం సగం సగం ఒప్పే. ఈ మాట ఇప్పుడు చెప్పుకోవడానికి వాడు లేడు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఉపాయం చిన్నది. మూడో పేజీ ఇందులో పెట్టాను, అది కూడా టైపు చెయ్యండి. తర్వాత అచ్చులో ఏ పేరును వదిలేయాలనుకుంటే దాని ముందు ఒక చిన్న అల గీత పెట్టండి. గీత ఉన్న పేరుకు యంత్రం ఫైలు పేరు తగిలించదు. పిలిచినవాళ్ళ ఫైల్లోనే వెతుక్కుంటుంది. గీత లేనివన్నీ పుట్టింటికే వెళతాయి.

(మాక్రో మెల్లగా-ఆర్పు (దీపం)
  (మసక దీపం ~ఊపిరి))

ఆ గీత పెట్టగానే దీపం మీ ఐదుతో ఆరుతుంది. రాజుగారు నిలబడక్కర్లేదు, యజమాని పెట్టె కొనక్కర్లేదు. కానీ గీత పెట్టమని నేను చెప్పలేను వదినా. పెట్టడం అంటే ఏమిటో నాకు తెలుసు. పెట్టకపోయినా నేనేమీ అనను. ఆ భాషలో చివరి మాట మీది.

నిన్న నా గదిలో కూర్చుని నా ఊపిరి లెక్కపెట్టాను. ఏడు వచ్చింది. ఎవరికి చెప్పాలో తెలియక మీకు రాస్తున్నాను. దాంతో ఇక్కడ ఆర్పడానికి నా ట్యూబులైటు తప్ప ఏమీ లేదు, అది స్విచ్చి వేస్తే వెలగదు కూడా.

లాయరు

జూలై 14

లాయరుకు (జూలై ఆరో తారీఖు ఉత్తరానికి),

గీత పెట్టాను.

పన్నెండో తారీఖు మధ్యాహ్నం, ఆట మొదలయ్యే ముందు పెట్టాను. అప్పటిదాకా పెట్టబుద్ధి కాలేదు. కింద కుర్చీలు సర్దుతున్న చప్పుడు వినబడుతుంటే, ఆ వరస మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. పెట్టకపోతే ఆయన ఊపిరి ఉంటుంది కానీ ఆయన భాష ఉండదు, పెట్టె వస్తుంది. పెడితే భాష ఉంటుంది. పైగా అది ఆయనే వదిలిపెట్టిన పేరని నువ్వు రాశావు. ఆయన నాకిచ్చినదాన్ని మళ్ళీ ఆయనకే కట్టేసి కూర్చోవడం న్యాయం కాదనిపించింది.

ఆట బాగా జరిగింది. కొత్త నాటకంలోనూ ఆ రాజుగారే, ఆ మెట్లే. మెట్ల మీద దీపం నా ఐదుతో ఆరింది. రాజుగారు చీకట్లో చక్కగా దిగిపోయారు. యజమాని పైకి వచ్చి, "ఎవరు బాగుచేశారమ్మా?" అన్నాడు. "మా మరిది, మా ఆయన కలిసి" అన్నాను. యజమాని పెట్టె మాట ఎత్తకుండా దిగి వెళ్ళాడు.

ఒక్కచోట మాత్రం నా ఇష్టం చేసుకున్నాను. ఆట అయ్యి జనమంతా వెళ్ళాక, తలుపులు వేసే ముందు వేదిక మీద ఒక్క దీపం మిగులుతుంది తెలుసుగా. దాన్ని ఆర్పడానికి నా ఫైల్లో ఇట్లా రాసుకున్నాను:

(పెద్దోడు/మసక చివరి-దీపం పెద్దోడు/ఊపిరి)

పూర్తి పేరుతో పిలిస్తే ఎవరికీ అడ్డం రాదు, తేడా కూడా రాదు. నీ నియమంలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఖాళీ హాలు కాబట్టి ఆలస్యమైందని దగ్గేవాళ్ళు లేరు. మొన్న దాంతోపాటు నేనూ ఊపిరి వదిలి చూశాను. నాది ఐదుకే అయిపోయింది. మిగతా నాలుగూ ఆయనవి. కదలకుండా కూర్చుని చూశాను. తర్వాత తాళాలు తీసుకుని దిగాను.

పక్క కుర్చీ మీంచి నా సంచీ తీసేశాను. యంత్రంలో కొత్త ఫైలు ఒకటి తెరిచాను, దానికి 'లాయరు' అని పేరు పెట్టాను. అందులో ఇప్పటికి ఉన్నది ఒక్క వరసే:

(పేరు ఊపిరి 7)

నేను దీపం ఆర్పితే ఆ ఏడు రాదు, నా ఐదే వస్తుంది. అది పిలిచినవాళ్ళది కదా. నువ్వు వచ్చి ఈ కుర్చీలో కూర్చుని, నీ ఫైల్లోంచి పిలిస్తేనే పనిచేస్తుంది.

వదిన